రసమట్టమా, అంకెల మట్టమా?

మీ ఇంటికి దర్వాజా ఎత్తిన రోజు మీకు గుర్తుందా? గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కొట్టిన సంగతి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు వడ్రంగి చేసిన ఒక చిన్న పనిని మాత్రం చాలామంది గమనించరు. ఆయన ఒక పొడవాటి బద్దను గడప మీద పెట్టి, కన్ను చిట్లించి చూస్తాడు. ఆ బద్ద నడుమ చిన్న గాజు గొట్టం ఉంటుంది. గొట్టంలో పచ్చని ద్రవం, ఆ ద్రవం మీద తేలుతూ ఒక గాలి బుడగ ఉంటాయి. బుడగ రెండు నల్లగీతల నడుమ నిలిస్తే గడప మట్టంగా ఉన్నట్లు. ఒక పక్కకు జరిగితే ఆ పక్క ఎత్తుగా ఉన్నట్లు. మన సుతారులు, వడ్రంగులు దీనినే రసమట్టం అంటారు.

ఈ మధ్యకాలంలో దీనికి పోటీగా మరొకటి వచ్చింది. చూడటానికి అలాంటి బద్దే. కాని బుడగతో పాటు, లేదా బుడగకు బదులు, ఒక చిన్న కిటికీలో అంకెలు కనిపిస్తాయి. సామాన్ల దుకాణంలో "డిజిటల్ లెవెల్" అని అడిగితే ఇస్తారు. ఎంత వాలు ఉన్నదో డిగ్రీలలో అదే చెబుతుంది. మీట నొక్కితే శాతంలో చెబుతుంది. సరిగ్గా మట్టం కుదరగానే "కీచ్" మని కూత కూడా పెడుతుంది. అంకెలు చూపే పరికరం అనగానే మనకు నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకం ఎంతవరకు సరైనది?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురు కాలేదు. జనగామలో ఒక వడ్రంగి అడిగాడు.

ఆయన కొడుకు మా బడిలో పదవ తరగతి. పెంబర్తి వెళ్ళే దారిలో వాళ్ళకు రేకుల షెడ్డు ఉంది. ఆ షెడ్డులో రంపపు కోత యంత్రం, పక్కనే చిత్రిక పట్టే బల్ల ఉన్నాయి. కిందటి వేసవిలో ఆయన దాదాపు మూడు వేల రూపాయలు పోసి రెండడుగుల అంకెల మట్టం కొన్నాడు. వారం తిరగకుండానే దానిని, తన పాత రసమట్టాన్ని రెండింటినీ సంచిలో వేసుకొని మా ఇంటికి వచ్చాడు.

"సారూ, మీరు పిల్లలకు సైన్సు చెప్తరు గదా! ఒక్క బండ మీదనే రెండూ పెట్టిన. బుడగేమో సరిగ్గనే ఉన్నదంటది, వెంట్రుకవాసి తేడా. ఈ కొత్తదేమో 0.3 అంటాంది. ఈ రెండిట్ల ఏది అబద్ధమాడుతాంది?"

మంచి ప్రశ్న. సాక్షులిద్దరు చెరొక మాట చెప్పినప్పుడు మూడవ సాక్షిని పిలవడం మామూలు. మా ఇంట్లో మూడవ మట్టం లేదు. అవసరమూ రాలేదు. ఎందుకంటే మట్టం నిజం చెబుతున్నదో లేదో దానినే అడిగి తెలుసుకొనే ఉపాయం ఒకటి ఉంది. అదెలాగో చూడండి.

తిప్పి చూసే పరీక్ష

మా అరుగు బండ మీద అంకెల మట్టాన్ని పెట్టి, దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీశాము. అంకె చూశాము. పరికరం కుడి కొస 0.30 డిగ్రీలు ఎత్తుగా ఉన్నట్లు చూపింది. తరువాత పరికరాన్ని ఎత్తి, ఎడమ కొస కుడివైపుకు, కుడి కొస ఎడమవైపుకు వచ్చేలా తిప్పి, సరిగ్గా ఆ సుద్ద గీతల లోపలే పెట్టాము.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. బండ కదలలేదు. నిజంగా బండ కుడి పక్క 0.30 డిగ్రీలు ఎత్తు ఉంటే, తిప్పిన తరువాత పరికరపు కుడి కొస పల్లంలోకి పోయింది. కనుక ఇప్పుడు అది 0.30 డిగ్రీలు పల్లం అని చూపాలి. కాని ఏం చూపిందో తెలుసా? కుడి కొస ఇంకా ఎత్తే అన్నది. కాకపోతే 0.20 డిగ్రీలు మాత్రమే అన్నది.

బండ రెండు దిక్కులా ఎత్తుగా ఉండడం సాధ్యం కాదు. అంటే పరికరం ఎటు తిప్పినా తన కుడి కొసను కొంత ఎత్తు చేసి చెబుతున్నది. స్క్రూగేజిలో సున్న దోషం అని మీరు చదువుకున్నారు. ఇదీ అదే. లెక్క చాలా తేలిక. రెండు కొలతలనూ కలిపి సగం చేస్తే సున్న దోషం వస్తుంది: 0.30, 0.20 కలిపితే 0.50, అందులో సగం 0.25 డిగ్రీలు. మొదటి దానిలోంచి రెండవది తీసివేసి సగం చేస్తే బండ అసలు వాలు వస్తుంది: 0.10లో సగం, అంటే 0.05 డిగ్రీలు. ఒక కొలతలో కుడి కొస ఎత్తు, మరొక దానిలో పల్లం అని వస్తే, పల్లానికి రుణ గుర్తు పెట్టి ఇదే లెక్క చేయాలి.

0.05 డిగ్రీల వాలు అంటే ఒక మీటరు దూరానికి 0.87 మిల్లీమీటరు ఎత్తు. రెండడుగుల బద్ద కింద అరమిల్లీమీటరు. ఆ మాత్రం వాలుకు రసమట్టంలో బుడగ వెంట్రుకవాసి జరుగుతుంది. ఆయన చెప్పింది అదే కదా! పాత బుడగను కూడా తిప్పి చూశాము. తిప్పినా అంతే దూరం, బండ ఎత్తున్న వైపుకే జరిగింది. అది నిజాయితీ గల సాక్షి.

అయితే కొత్తదానిని పారవేయాలా? అక్కరలేదు. ఈ పరికరాలలో చాలా వాటికి సరిచేసే మీట ఒకటి ఉంటుంది. ఒకసారి పెట్టి మీట నొక్కాలి, తిప్పి పెట్టి మళ్ళీ నొక్కాలి. మనం సుద్దముక్కతో చేసిన పరీక్షనే అది లోపల తానే లెక్క వేసుకొని, సున్న దోషాన్ని గుర్తు పెట్టుకొని, ప్రతి కొలత నుంచి తీసివేస్తుంది. అలా చేశాక మా బండను 0.05 అనే చూపింది. వడ్రంగి ముఖం తేటపడింది. ఎండాకాలం మధ్యాహ్నాలు దానిని బండి డబ్బాలో పెట్టి తిప్పవద్దని మాత్రం చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియాలంటే దాని లోపల ఏముందో చూడాలి.

లోపలి సంగతి

ముందు పాతదాని సంగతి. పేరులో రసం ఉన్నా లోపల ఉండేది పాదరసం కాదు, స్పిరిట్ లేదా అలాంటి తేలిక ద్రవం. నీటి కంటే స్పిరిట్ నయం. చలిదేశాలలో కూడా గడ్డకట్టదు. 1661 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు మెల్షిసెడెక్ థెవెనో అనే పండితుడు దీనిని కనిపెట్టాడు. అంతకు నాలుగు వందల ఏండ్లకు పైగా ముందే, మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. బుడగ లేని రోజుల్లోనూ కట్టలు కట్టారు, కాలువలు పారించారు. నీరు పల్లమెరుగు అన్న మాటే అప్పటి మట్టం. ఇప్పటికీ సుతారి ఇంటి నాలుగు మూలలకు సమానమైన ఎత్తు గుర్తు పెట్టాలంటే సన్నని నీళ్ళ గొట్టాన్నే వాడతాడు.

రసమట్టంలోని గొట్టం తిన్నగా ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి దాని లోపలి పైభాగం కొద్దిగా విల్లులా వంగి ఉంటుంది. బుడగ ఎప్పుడూ ఆ వంపులో అన్నిటికంటే ఎత్తైన చోటికి పోతుంది. ఆ వంపు ఎంత పెద్ద వృత్తంలో భాగమైతే బుడగ అంత చురుకుగా కదులుతుంది. వంపు వ్యాసార్థం 2 మీటర్లయితే, మీటరుకు అరమిల్లీమీటరు వాలుకు బుడగ 1 మిల్లీమీటరు జరుగుతుంది. అదే వ్యాసార్థం 100 మీటర్లయితే? మీటరుకు 0.02 మిల్లీమీటరు వాలుకే 2 మిల్లీమీటర్లు జరుగుతుంది! యంత్రాలను అమర్చేవారు వాడే మేలురకం మట్టాలు ఇలాంటివే. ఒక మీటరు బద్ద కొస కింద ఒక్క తల వెంట్రుక దూర్చితే చాలు, వాటి బుడగ మూడు గీతలు దాటిపోతుంది. చేయి తగిలి గాజు ఒక పక్క వేడెక్కినా బుడగ కదులుతుంది. అందుకే పెట్టిన తరువాత కాసేపు ముట్టుకోకుండా ఉండి చూస్తారు.

ఇక అంకెల మట్టం. మీరు బస్సులో పైకమ్మీకి వేలాడే పట్టీని పట్టుకొని నిలబడి ఉన్నారనుకోండి. బస్సు ఒక పక్కకు ఒరిగితే మీ బరువు ఆ పక్కకు లాగుతుంది, పట్టీ బిగుస్తుంది. ఒరుగు ఎక్కువైతే లాగుడు ఎక్కువ. కళ్ళు మూసుకున్నా, చేతికి తగిలే లాగుడును బట్టి బస్సు ఎంత ఒరిగిందో చెప్పగలరు. అంకెల మట్టం చేసేది ఇంతే. దానిలో చింతగింజ కంటే చిన్నదైన సిలికాన్ చిప్పు ఉంటుంది. చిప్పు లోపల సిలికాన్‌తోనే చెక్కిన చిన్న ముద్ద, సిలికాన్‌తోనే చేసిన అతి సన్నని స్ప్రింగులకు వేలాడుతుంది. ముద్దకు దువ్వెన పళ్ళ లాంటి పళ్ళు ఉంటాయి. వాటి పక్కనే కదలని పళ్ళు మరికొన్ని ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు పలకలు కెపాసిటర్ అవుతాయని, పలకల మధ్య దూరం మారితే దాని విలువ మారుతుందని పై తరగతుల్లో నేర్చుకుంటారు. పరికరం ఒరిగితే ముద్ద రవ్వంత జరుగుతుంది, పళ్ళ మధ్య దూరం మారుతుంది, కెపాసిటర్ విలువ మారుతుంది. దానిని కొలిచి, లెక్కకట్టి, అంకెగా చూపుతారు.

ఆ రవ్వంత ఎంతో చూద్దాం. ఒరిగినప్పుడు ముద్దను పక్కకు లాగే బలం, ముద్ద బరువును ఒరిగిన కోణం సైన్ విలువతో హెచ్చిస్తే వస్తుంది. 1 డిగ్రీ సైన్ విలువ 0.0175. 0.1 డిగ్రీది 0.00175. అంటే ముద్ద బరువులో వెయ్యింట రెండు వంతులు కూడా లేని మార్పును గుర్తించాలి. తిరగేసి చెబితే, చిప్పు తన బరువును అంచనా వేయడంలో వెయ్యింట ఒక వంతు తడబడితే చాలు, అంకె 0.057 డిగ్రీలు తప్పుతుంది. వేడికి సిలికాన్ వ్యాకోచిస్తుంది, దానిని అంటించిన పలక మరో రకంగా వ్యాకోచిస్తుంది, స్ప్రింగుల బిగువు మారుతుంది. మంచి పరికరాలలో దీనికి తగిన సవరణ ఉంటుంది కాని, అది పూర్తిగా పోయేది కాదు. కింద పడినా సున్న మారవచ్చు. జనగామ ఎండలో బండి డబ్బా సంగతి ఇప్పుడు అర్థమైందా?

అంకెల విషయంలో మరొక మాట. పెట్టె మీద "0.01 డిగ్రీ వరకు చూపును" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండవచ్చు. లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో "ఖచ్చితత్వం: 0.1 డిగ్రీ అటూ ఇటూ" అని ఉండవచ్చు. ఈ రెండూ ఒకటి కావు. పది నిమిషాలు వెనుక నడిచే గడియారానికి సెకన్ల ముల్లు ఉన్నంత మాత్రాన అది సరైన సమయం చెప్పదు కదా! చాలా పరికరాలు 0 దగ్గర, 90 దగ్గర మెరుగ్గా పనిచేస్తాయి. నడిమి కోణాల దగ్గర తప్పు కొంత పెరుగుతుంది. కొనేవారు చూడవలసింది చిన్న అక్షరాలను.

మహబూబాబాద్ లేతు

ఇది కేవలం పుస్తకపు లెక్క కాదని చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతి రాస్తాను.

మా బడిలో చదివి, ఐటీఐ చేసిన ఒక అబ్బాయి మహబూబాబాద్‌లో ఒక లేతు వర్క్‌షాపులో పనికి చేరాడు. ఆ ఊళ్ళో మిర్చి వ్యాపారం జోరు. కారం పట్టే గిర్నీల షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు వాళ్ళకు ముఖ్యమైన పని. యజమాని షెడ్డు మార్చాడు. పాత లేతును కొత్త షెడ్డులో సిమెంటు గచ్చు మీద దించి, మట్టం చేసే పని ఈ అబ్బాయికి అప్పగించాడు. కొత్త అంకెల మట్టం కూడా చేతికి ఇచ్చాడు. వీడు శ్రద్ధగా లేతు బెడ్డు మీద రెండు కొసలా అడ్డంగా పెట్టి, రెండు చోట్లా 0.0 వచ్చేదాకా కాళ్ళ కింద రేకుముక్కలు సర్ది, బోల్టులు బిగించాడు.

మొదట చేసింది ఒక గిర్నీ షాఫ్టు. బేరింగు కూర్చునే చోటు 40 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవు. ఒక కొసన కొలత సరిగ్గా ఉంది. రెండవ కొసన 0.03 మిల్లీమీటరు తక్కువ. బేరింగు ఒక చోట బిగుతు, ఒక చోట వదులు. మరో షాఫ్టు చేశాడు. అదీ అంతే. రెండు షాఫ్టుల ఇనుము ఖర్చు జీతంలో కోస్తానన్నాడు యజమాని. అబ్బాయి నాకు ఫోను చేశాడు. గొంతు పూడుకుపోయి ఉంది. "నేను సున్న చూసే బిగించిన సార్, ఒట్టు" అన్నాడు.

ఆదివారం రైలెక్కి, కాజీపేట, వరంగల్లు దాటి మహబూబాబాద్‌లో దిగాను. నేను లేతు పనివాడిని కాను. కాని లెక్క చేయగలను.

లేతు గురించి ముందు ఒక చిన్న మాట. లేతు నేలకు సమాంతరంగా ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. ఓడల్లో కూడా లేతులు ఉంటాయి, అలల మీద ఊగుతూనే పనిచేస్తాయి. కావలసింది బెడ్డు మెలి తిరగకుండా ఉండడం. తడిబట్టను పిండేటప్పుడు రెండు కొసలూ వేర్వేరు దిక్కులకు తిప్పుతాం చూడండి, అలాంటి మెలి రవ్వంత ఉన్నా, పనిముట్టు బెడ్డు వెంట జరిగే కొద్దీ ఇనుపకడ్డీకి దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. గుండ్రంగా తిరగవలసిన షాఫ్టు గాజరగడ్డలా ఒక కొస సన్నబడుతుంది.

ఎంత మెలి ఉంటే 0.03 తేడా వస్తుంది? వ్యాసంలో 0.03 అంటే వ్యాసార్థంలో 0.015. ఇది 100 మిల్లీమీటర్ల పొడవులో వచ్చిన తేడా. లేతు కాళ్ళ మధ్య దూరం 1500 మిల్లీమీటర్లు, అంటే పదిహేను రెట్లు. కనుక ఈ కొస నుంచి ఆ కొసకు పనిముట్టు 0.225 మిల్లీమీటరు పక్కకు జరుగుతున్నది. పనిముట్టు మొన బెడ్డు మీద నుంచి 200 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. 0.225ను 200తో భాగిస్తే 0.001125 రేడియన్. డిగ్రీలలోకి మారిస్తే సుమారు 0.064.

ఆ అంకెల మట్టం వెంట వచ్చిన కాగితం అడిగి తీసుకొని చదివాను. అందులో ఉన్నది ఇది: చూపే కనీసపు కొలత 0.1 డిగ్రీ, ఖచ్చితత్వం 0.1 డిగ్రీ అటూ ఇటూ. 0.064 డిగ్రీల మెలి దాని కంటికి ఆనే వస్తువే కాదు! అబ్బాయి అబద్ధం చెప్పలేదు. పరికరమూ తన హద్దులో తాను సరిగ్గానే చెప్పింది. గజం బద్దతో వెంట్రుక మందాన్ని కొలవమన్నట్లయింది. 40 మిల్లీమీటర్ల షాఫ్టు మీద బేరింగు బిగుతుగా కూర్చోవడానికి మామూలుగా ఇచ్చే k6 అనే హద్దులో, పెద్ద కొలతకూ చిన్న కొలతకూ మధ్య అనుమతించే తేడా మొత్తం 0.016 మిల్లీమీటరు. వచ్చిన తేడా దానికి దాదాపు రెట్టింపు.

ఈ లెక్కను యజమాని ముందే గచ్చు మీద సుద్దతో వేసి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత వరంగల్లులో తనకు తెలిసిన ఒక పెద్ద వర్క్‌షాపు నుంచి, మీటరుకు 0.02 మిల్లీమీటరు గీతలున్న మేలురకం బుడగ మట్టాన్ని బదులు తెప్పించాడు. దానిని బెడ్డు ఒక కొసన అడ్డంగా పెట్టి బుడగను నడిమికి తెచ్చి, అలాగే రెండవ కొసకు జరిపితే బుడగ పరుగెత్తి గొట్టం చివరకు పోయింది. అంకెల మట్టం 0.0 అన్న చోటే! ఒక కాలు కింద పలుచని ఇత్తడి రేకు దూర్చడం, బోల్టు బిగించడం, ఆగి చూడడం, మళ్ళీ విప్పడం. సాయంత్రం అయింది.

చివరి పరీక్ష మట్టంతో చేయలేదు. ఒక లావుపాటి కడ్డీని చక్‌లో ఒక కొసనే బిగించి, దాని మీద దూరదూరంగా రెండు పట్టీలు మిగిల్చి, పనిముట్టును కదపకుండా ఒకే కోతలో రెండింటినీ చెక్కి, స్క్రూగేజితో కొలిచారు. రెండు వ్యాసాలూ 0.01 లోపు తేడాతో కలిశాయి. లేతు పనివాళ్ళకు ఇది పాత పద్ధతే. లేతు సరిగ్గా ఉన్నదో లేదో లేతు చెక్కిన వస్తువే చెబుతుంది. జీతంలో కోత పడలేదు.

మరి అది దేనికి పనికివస్తుంది?

ఇంత చదివి అంకెల మట్టం పనికిరానిదని అనుకోకండి. భూపాలపల్లిలో మా పూర్వ విద్యార్థిని ఒకామె మిద్దెల మీద సౌర విద్యుత్తు పలకలు బిగించే పని చేయిస్తున్నది. భూపాలపల్లి అక్షాంశం దాదాపు పద్దెనిమిదిన్నర డిగ్రీలు. కనుక పలకలను దక్షిణానికి తిప్పి సుమారు 18 డిగ్రీల వాలులో నిలుపుతారు. మామూలు రసమట్టంతో 18 డిగ్రీలు కొలవడం ఎలా? అది మట్టం ఉందో లేదో చెబుతుంది కాని, ఎంత వాలు అని అడిగితే నోరు విప్పదు. ఇదివరకు వాళ్ళు చెక్కతో త్రికోణం చేసుకొని దాని మీద బుడగ పెట్టేవారట. వానకు చెక్క ఉబ్బితే కోణం మారేది. ఇప్పుడు అరచేతిలో పట్టే చిన్న అంకెల డబ్బీ వాడుతున్నారు. దాని అడుగున అయస్కాంతం ఉంటుంది, ఇనుప చట్రానికి బల్లిలా అతుక్కుంటుంది. రెండు చేతులూ వెల్డింగుకు ఖాళీ.

ఇక్కడ 0.2 డిగ్రీ తప్పు వచ్చినా బాధ లేదు. పలక ఒక పూర్తి డిగ్రీ తప్పినా, సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు పోయే వెలుగు కొసైన్ లెక్క ప్రకారం పదివేలలో ఒకటిన్నర వంతు. ఎవరికీ తెలియదు కూడా.

జనగామ వడ్రంగికి కూడా దానితో ఎక్కువ లాభం మట్టం చూడడంలో కాదు, కోణం పెట్టడంలోనే వచ్చింది. కోత యంత్రపు బల్ల మీద డబ్బీని పెట్టి "ఇదే సున్న" అని మీట నొక్కాలి. తరువాత దానిని రంపపు బిళ్ళకు అతికించి, 45 వచ్చేదాకా బిళ్ళను వంచాలి. బల్ల మట్టంగా ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. రెండు కొలతల తేడానే చూస్తున్నాం కనుక పాత సున్న దోషం కూడా చాలావరకు దానంతట అదే కొట్టుకుపోతుంది. చట్రాల మూలలు ఇప్పుడు సందు లేకుండా కలుస్తున్నాయని ఆయన ఆనందం.

ఇక మరొక చివర చూస్తే, భూపాలపల్లికి దగ్గరలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. ఒకటి 500, మరొకటి 600 మెగావాట్ల యూనిట్లు. అలాంటి చోట నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైన్‌ను అమర్చాలంటే మూడు వేల రూపాయల డబ్బీని దగ్గరికి కూడా రానివ్వరు. మేలురకం బుడగ మట్టాలు, లేదా వాటిని మించిన ఎలక్ట్రానిక్ మట్టాలు కావాలి. స్విట్జర్లాండులోని వింటర్‌థూర్‌లో వైలర్ అనే సంస్థ చేసే మట్టాలు మీటరుకు మిల్లీమీటరులో వెయ్యోవంతు వాలును గుర్తిస్తాయి. అవీ అంకెలు చూపేవే. కనుక తప్పు అంకెలది కాదు.

పేరు విషయంలో ఒక చిక్కు ఉంది. సర్వే చేసే ఇంజనీర్లు కూడా "డిజిటల్ లెవెల్" అంటారు. అది వేరు. మూడు కాళ్ళ పీట మీద నిలిపే దుర్బిణి అది. దూరాన నిలిపిన కోలబద్ద మీది చారల గుర్తులను తానే చదివి ఎత్తు చెబుతుంది. ఆ రకంలో మొదటిది వైల్డ్ ఎన్ఏ 2000, 1990లో వచ్చింది. 2023 అక్టోబరులో భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బరాజు పిల్లర్లు కొన్ని కుంగిన సంగతి మీరు విన్నారు. పెద్ద కట్టడాలలో అలాంటి కుంగుబాటు ఎన్ని మిల్లీమీటర్లో కొలవడానికి ఆ రకం పరికరాలు పనికివస్తాయి. మన వర్క్‌షాపు బద్దకు ఆ పని చేతకాదు.

నన్ను ఎవరైనా అడిగితే, కొత్తగా పనిలో చేరే కుర్రవాడు మొదట కొనవలసింది మంచి రసమట్టమే అంటాను. దానికి బ్యాటరీ అక్కరలేదు, ఎండకు తడబడదు, మీటరుకు అరమిల్లీమీటరు తేడాను చూపే మామూలు రసమట్టం 0.03 డిగ్రీని పట్టేసినట్లే. కోణాల పని ఉన్నప్పుడు రెండవదిగా అంకెల డబ్బీ కొనవచ్చు. ఈ మాట నచ్చని మేస్త్రీలు ఉన్నారు. బుడగను సరిగ్గా చూడాలంటే మోకాళ్ళ మీద వంగాలి, చూపు బాగుండాలి, చీకటి మూలల్లో కష్టం అంటారు. యాభై దాటిన నాకు ఆ బాధ తెలుసు. అంకెలు దూరం నుంచి కూడా కనిపిస్తాయి.

మీరు చేసి చూడండి

ఈ పరీక్షకు మీరు ఏమీ కొననక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ సెల్‌ఫోనులో కూడా ఆ సిలికాన్ ముద్దే ఉంది. ఫోను అడ్డం తిప్పితే బొమ్మ తిరిగేది దానివల్లనే. మట్టం చూపే సదుపాయం కొన్ని ఫోన్లలో ముందే ఉంటుంది. ఫోను వెనుక కెమెరా బుడిపె ఉంటే బల్ల మీద సరిగ్గా ఆనదు, కనుక పొడవాటి అంచు మీద నిలబెట్టండి, లేదా రెండు సమానమైన నోటుపుస్తకాల మీద బుడిపె సందులోకి వచ్చేలా పరచండి. చుట్టూ సుద్ద గీత గీయండి. అంకె, దిక్కు రాసుకోండి. సగం చుట్టు తిప్పి అదే గీతల్లో పెట్టి మళ్ళీ రాసుకోండి. సున్న దోషం ఎంత, బల్ల వాలు ఎంత? ఆ తరువాత ఫోనును కాసేపు నీడలో, కాసేపు వెచ్చని చోట ఉంచి రెండుసార్లు చేసి, సున్న దోషం మారిందేమో చూడండి. మరీ ఎండలో పెట్టకండి, ఫోను పాడైతే తిట్లు మీకు, మీ నుంచి నాకు.

మా ఉపాధ్యాయుల గదిలో మేము మూడు ఫోన్లతో చేశాము. సున్న దోషాలు మూడూ మూడు రకాలుగా వచ్చాయి. బల్ల వాలు మాత్రం మూడింటి లెక్కలోనూ దాదాపు ఒకటే. ఇప్పుడు ఆ బల్ల కాలు ఒకదాని కింద మడిచిన అట్టముక్క ఉంది.